బొమ్మ చాలునా? మాట కావాలా?

వెనుకటి రోజుల్లో దూరాన ఉన్న కొడుక్కి తంతి కొట్టాలంటే తండ్రి పోస్టాఫీసులో కాగితం ముందు పెట్టుకొని కొంతసేపు ఆలోచించేవాడు. మాటకు ఇంత అని రుసుము గదా! ఏ మాట తీసివేసినా అర్థం చెడదో దాన్ని కొట్టివేసి, ఏది లేకపోతే కబురే లేదో దాన్ని మాత్రం ఉంచేవాడు. 2013 జూలైలో మన దేశంలో తంతి వార్తల సేవ ఆగిపోయింది. అంతకు చాలా ముందునుంచే మాటకు ఖర్చు లేకుండా పోయింది. దానితోబాటే మాటను ఏరుకొనే అలవాటు కూడా పోయిందేమో అని అప్పుడప్పుడు అనుమానం కలుగుతుంది.

ఏమంటారా? ఇప్పుడు మన శ్రీకాకుళంలోనూ, విజయనగరంలోనూ, బొబ్బిలి, రాజాం, టెక్కలి వంటి ఊళ్లలోనూ ఎన్నో ఇళ్లల్లో తల్లిదండ్రులు ఇక్కడ, పిల్లలు హైదరాబాదులోనో బెంగుళూరులోనో అమెరికాలోనో ఉంటున్నారు. పింఛనుదారు బతికే ఉన్నట్లు ఇవ్వవలసిన ధ్రువపత్రం, పొలం తాలూకు అడంగలు, మనుమరాలి కాలేజీ దరఖాస్తు, కరెంటు బిల్లు - అన్నీ ఫోను తెర మీదికే వచ్చాయి. పని సాగినంతసేపూ బాగానే ఉంటుంది. మధ్యలో ఆగిపోతే మాత్రం తెరను ఫొటో తీసి పిల్లలకు పంపడం, తరువాత ఫోను చెయ్యడం.

"ఏటో ఎర్ర అక్షరాలొచ్చాయి బాబూ. ఫొటో పంపించేను, చూడు."

"చూశానమ్మా. ఫాను రెక్కలు కనిపిస్తున్నాయి గాని అక్షరాలు కనిపించడం లేదు. ఏం రాసుందో చదివి చెప్పు."

"ఇంగ్లీషులో ఏటో ఉందిరా. ఓకే నొక్కేసేను, పోయింది."

ఈ సంభాషణ మా ఇంట్లోదా, మీ ఇంట్లోదా అని అడగనక్కరలేదు. ఎవరి ఇంట్లోదైనా కావచ్చు. అవతల కొడుకు విసుక్కుంటాడు. ఇవతల తల్లి చిన్నబుచ్చుకుంటుంది. పని మాత్రం జరగదు.

కంప్యూటరు పని తెలిసినవారిలో ఈ విషయమై రెండు పక్షాలున్నాయి. "బొమ్మ పంపవద్దు, అక్షరాలు పంపండి" అని కొందరు. "మీ మాటలతో మాకు పని లేదు, తెర బొమ్మ పంపండి చాలు" అని మరికొందరు. తెర బొమ్మ అంటే స్క్రీన్‌షాట్. తెరమీద ఉన్నదాన్ని ఉన్నదున్నట్లుగా ఫోనే స్వయంగా పట్టి ఉంచే ప్రతిబింబం అన్నమాట. ఈ తగవు కొత్తదని ఆ రెండు పక్షాలవారూ అనుకుంటారు కాబోలు. మన వంశధార ఒడ్డున నూరేళ్లకు పైబడి దీనికి పరిష్కారం ఉన్నది.

ముఖలింగం రాళ్లు చెప్పే పాఠం

శ్రీముఖలింగంలో మధుకేశ్వరాలయం గోడల మీదా, స్తంభాల మీదా, శ్రీకూర్మంలో కూర్మనాథుని ఆలయ స్తంభాల మీదా వందల ఏళ్లనాటి శాసనాలున్నాయి. శ్రీముఖలింగానికి దగ్గరలోని పర్వతాలపేటలో 1863లో పుట్టి, విజయనగరంలో చదువుకొని, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు ఈ ముఖలింగం శాసనాలను స్వయంకృషితో చదవడం నేర్చుకున్నారు. వాటి మీద ఆంగ్లంలో వ్యాసాలు కూడా వ్రాశారు. వ్యావహారిక భాషోద్యమానికి ఆయన నాయకుడని అందరికీ తెలుసు. ప్రాచీన లిపులతో ఆయన పడిన కుస్తీ సంగతి తెలిసినవారు తక్కువ.

శాసనం ఇంటికి తీసుకుపోగల వస్తువు కాదు గదా! రాయి గుడిలో ఉంటుంది, చదవగల పండితుడు వేరే ఊళ్లో ఉంటాడు. సమస్య ఒకచోట, సహాయం మరొకచోట. అప్పుడేం చేస్తారు? రాతిని బాగా తోమి కడిగి, తడి కాగితాన్ని దానికి అంటించి, గట్టి కుచ్చుతో కొడతారు. కాగితం అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. పైన సిరా అద్దితే గుంటల్లో సిరా పడదు. నల్లని కాగితం మీద తెల్లని అక్షరాలు తేలతాయి. దాన్ని దూరాన ఉన్న పండితునికి పంపుతారు. ఇది ఆనాటి స్క్రీన్‌షాట్ కాక మరేమిటి?

అయితే పండితుడు ఆ అచ్చుతో ఊరుకోడు. దాన్ని చదివి, పంక్తికి ఒక అంకె వేసి, అక్షరాలను మామూలు లిపిలో తిరిగి వ్రాస్తాడు. చెరిగిపోయి అనుమానంగా ఉన్న అక్షరాన్ని చదరపు గుర్తుల మధ్య ఉంచుతాడు. చెక్కినవాడు తప్పు చెక్కితే ఆ తప్పును తప్పుగానే వ్రాసి, సవరణ పక్కన వేరుగా చూపిస్తాడు. 'ఎపిగ్రాఫియా ఇండికా' వంటి శాసన సంపుటాలు తిరగవేస్తే, ముఖ్యమైన శాసనాలకు అచ్చు తీసిన బొమ్మా, చదివిన పాఠమూ రెండూ కనిపిస్తాయి.

రెండూ ఎందుకు? పాఠం లేకపోతే ఆ శాసనంలో ఏ రాజు పేరున్నదో, ఏ ఊరి పేరున్నదో వెదకడం సాధ్యం కాదు. బొమ్మ లేకపోతే పండితుడు చదివింది సరియో కాదో మరొకరు పరీక్షించడం సాధ్యం కాదు. బొమ్మ సాక్షి, పాఠం పనిముట్టు. సాక్షి లేని వాదం నిలవదు, పనిముట్టు లేని పని సాగదు. మన ఫోను తగవుకు తీర్పు ఇక్కడే ఉన్నది. కాని తీర్పు తెలిస్తే చాలదు, ఎక్కడ ఏది వాడాలో తెలియాలి.

అక్షరం చేసే మేలు

ఫోనులోగాని కంప్యూటరులోగాని పని చెడినప్పుడు తెర మీద ఒక వాక్యమో, ఒక సంఖ్యో వస్తుంది. దాన్ని వ్రాసిన ఇంజనీరుకు ఆ వాక్యమే చిరునామా. ఆ వాక్యాన్ని యథాతథంగా వెదికితే అదే చిక్కులో పడ్డ మరొకరికి ఎవరో చెప్పిన సమాధానం దొరికే అవకాశం ఉన్నది. బొమ్మ పంపితే అవతలివాడు అక్షరం అక్షరం చూసి మళ్లీ టైపు చేసుకోవాలి. చేసేటప్పుడు తప్పు పోవచ్చు.

బ్యాంకు శాఖకు ఉండే ఐ.ఎఫ్.ఎస్.సి. కోడు సంగతి చూడండి. అందులో 11 గుర్తులుంటాయి. మొదటి 4 బ్యాంకును తెలిపే అక్షరాలు. చివరి 6 శాఖకు గుర్తు. నడుమనున్న 5వది ఎప్పుడూ సున్నాయే. కాని ఇంగ్లీషు 'ఓ' అక్షరమూ, సున్నా అంకే బొమ్మలో కవల పిల్లల్లా ఉంటాయి. బొమ్మ చూసి టైపు చేసేవాడు సున్నాకు బదులు 'ఓ' కొడితే, ఆ కోడు చెల్లదని తెర మొరాయిస్తుంది. ఎందుకు మొరాయించిందో ఎవరికీ అంతుపట్టదు. అదే కోడును అక్షరాలుగా నకలు చేసి పంపితే సున్నా సున్నాగానే వెళుతుంది.

మన తెలుగులో మాత్రం తక్కువా? ద-ధ, డ-ఢ, ప-ఫ ఈ జంటల్లో అడుగున ఉండే చిన్న గీతే తేడా. మసకబారిన ఫొటోలో మొట్టమొదట మాయమయ్యేది ఆ గీతే. బొమ్మలోని అక్షరాలను పోల్చి వ్రాసిపెట్టే గూగుల్ లెన్స్ వంటి సాధనాలు వచ్చాయన్నది నిజమే. అవి మంచి గుమాస్తాలు. కాని గుమాస్తా వ్రాసినదాన్ని యజమాని ఒకసారి చూసుకోకుండా సంతకం పెట్టకూడదు గదా!

ఇంకొక సంగతి. కంటిచూపు లేనివారిలో కంప్యూటరు విద్యలో ఆరితేరినవారున్నారు. తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే సాధనాలతో వారు పని చేస్తారు. వారికి అక్షరాలు పంపితే క్షణంలో వింటారు. బొమ్మ పంపితే అందులో ఏమున్నదో చాలా సందర్భాల్లో తెలియదు.

బరువు లెక్క కూడా చూద్దాం. ఇప్పుడు వాడుకలో ఉన్న యూనికోడ్ పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి సాధారణంగా 3 బైట్లు. 100 సంకేతాల వార్త 300 బైట్లకు మించదు. తెర బొమ్మో, మామూలుగా లక్షల బైట్లు. పట్నంలో ఈ తేడా తెలియదు. 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన సీతంపేట, కురుపాం వంటి కొండ ప్రాంతాల్లో సిగ్నలు సన్నగిల్లిన చోట బొమ్మ తిరుగుతూనే ఉంటుంది. నాలుగు మాటలు మాత్రం గట్టెక్కుతాయి.

బొమ్మ లేనిదే తెమలని చోట్లు

ఇంతమాత్రాన బొమ్మను తీసిపారేయరాదు. "కుడివైపు మూల మూడు చుక్కలున్నాయి, నొక్కు" అంటే, ఆ చుక్కలు ఏ మూలనున్నాయో కనిపించనివారికి ఎన్నిసార్లు చెప్పినా లాభం లేదు. తెర బొమ్మ మీద ఎర్రటి సున్న చుట్టి పంపితే పని అయిపోతుంది. మీట ఎక్కడున్నది, పట్టికలో ఏ గడి ఖాళీగా ఉన్నది, రంగు మారిందా లేదా - ఇవన్నీ చూపించవలసినవే గాని చెప్పవలసినవి కావు.

ముఖ్యంగా తెలుగు అక్షరాలే చెడినప్పుడు బొమ్మే శరణ్యం. తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991లోనే చోటు దక్కింది. అయినా అచ్చుపనిలో చాలాకాలం అను వంటి ఫాంట్లు రాజ్యమేలాయి. ఆ పాత పద్ధతిలో లోపల ఉండేవి వేరే సంకేతాలు, పైకి తెలుగు వేషం మాత్రం వేస్తాయి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో వేషం ఊడిపోయి పిచ్చి గీతలు కనిపిస్తాయి. మీ శుభలేఖ పాఠం అవతలివారికి ఎట్లా కనిపిస్తున్నదో మీకు తెలియాలంటే వారు తమ తెరను బొమ్మగా పంపవలసిందే. అక్షరాలుగా నకలు చేసి పంపితే మీ కంప్యూటరులో మళ్లీ చక్కగా తెలుగై కూర్చుంటుంది. రోగి డాక్టరు ఇంటికి వెళ్లగానే జ్వరం తగ్గినట్లు!

'జ్ఞా' చేసిన గారడీ

ఈ రెండు పక్షాలనూ ఒకేసారి తికమక పెట్టిన ఘనత కూడా మన తెలుగు అక్షరానికే దక్కింది. 2018 ఫిబ్రవరిలో ఆ ముచ్చట ప్రపంచమంతా పాకింది. ఒక తెలుగు అక్షరం వార్తగా అందితే ఆపిల్ కంపెనీవారి ఐఫోను దాన్ని చూపించబోయి కుప్పకూలిపోయేది. వార్తలు చదివే సాధనం తెరిస్తే మూసుకుపోయేది. మళ్లీ తెరిస్తే మళ్లీ మూత. ఆ అక్షరం 'జ్ఞా'. జ్ఞానానికి తట్టుకోలేకపోయిందని అప్పుడు మనవాళ్లు నవ్వుకున్నారు.

కాని సంగతి అంత తేలిక కాదు. మనం రోజూ వ్రాసే 'జ్ఞా' వల్ల ఏ ప్రమాదమూ లేదు. యంత్రం లోపల అది 4 సంకేతాలు: జ, పొల్లు, ఞ, ఆకారపు గుర్తు. ఫోనును పడగొట్టిన 'జ్ఞా'లో 5 ఉన్నాయి. ఞకూ ఆకారానికీ నడుమ కంటికి కనిపించని సంకేతం ఒకటి దూరింది. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. అంటే వెడల్పు లేని, కలవనివ్వని గుర్తు. అది దుష్టశక్తి ఏమీ కాదు, మనకు రోజూ ఉపకారం చేసేదే. 'సాఫ్ట్‌వేర్' అన్న మాటలో ట్ పొల్లుగా నిలిచి, వకారం దాని కింద ఒత్తుగా చేరకుండా చూసేది అదే. ఉండకూడని చోట అది ఉండగా, ఆ కూర్పును ఎట్లా గీయాలో తెలియక ఫోను చతికిలపడింది. బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ ఇటువంటి కొన్ని కూర్పులకు ఇదే గతి పట్టింది.

ఇక సహాయం అడగడం ఎట్లాగో ఆలోచించండి. "ఇదిగో, ఈ అక్షరమే" అని అక్షరాలుగా పంపితే, సహాయం చెయ్యబోయేవాడి ఐఫోను కూడా పడిపోతుంది. రోగం వివరించబోయి రోగం అంటించినట్లు! పోనీ బొమ్మ పంపుదామంటే బొమ్మలో మామూలు 'జ్ఞా'కూ, ఈ 'జ్ఞా'కూ తేడా లేదు. దోషం ఉన్నది కనిపించని చోట. బొమ్మ చూసి ఎన్నిసార్లు టైపు చేసినా ఫోను చక్కగా పనిచేస్తుంది. నమ్మనివాడు "మీదే పొరపాటు" అంటాడు.

చివరికి దారి చూపింది మూడో పద్ధతి. ఆ కూర్పులోని 5 సంకేతాలనూ వాటి సంఖ్యలతో, వరుస తప్పకుండా, వేరువేరుగా వ్రాసి చూపడం. మన చిన్నప్పుడు పంతులుగారు "జకారానికి ఞవత్తిస్తే జ్ఞ, దీర్ఘమిస్తే జ్ఞా" అని గుణింతం విప్పి చెప్పించేవారే, అచ్చంగా అదే పద్ధతి. 2018 ఫిబ్రవరి 19న ఆపిల్ వారు విడుదల చేసిన 11.2.6 నంబరు సవరణతో ఐఫోనుల్లో ఆ బెడద తీరింది. బొమ్మా చాలక, నకలూ పనికిరాక, విడమరచి చెప్పిన మాట పని చేసిన సందర్భమిది.

బొమ్మలో దాగిన ప్రమాదం

తెర బొమ్మకు విచక్షణ లేదు. మీరు చూపించదలచింది ఒక్క మూలే అయినా అది తెరనంతా పట్టుకుపోతుంది. పైన అప్పుడే వచ్చిన ఓ.టి.పి., ఖాతా సంఖ్య, ఆధార్ సంఖ్య, ఆసుపత్రి నుంచి వచ్చిన వార్త - అన్నీ దానితో వెళతాయి. సన్నని రంగు పూసి అంకెలను దాచామనుకుంటారు కొందరు. ఆ పూత పలచనిదైతే వెలుతురు పెంచి చూసినప్పుడు అంకెలు తేలవచ్చు. కత్తిరించివేసిన భాగం కూడా ఒక్కొక్కప్పుడు పూర్తిగా పోదు. గూగుల్ పిక్సెల్ ఫోనుల్లోని బొమ్మ కత్తిరించే సాధనంలో, తీసివేశామనుకున్న భాగం ఫైలులో మిగిలిపోయి, కొంతవరకు తిరిగి రాబట్టవచ్చునని 2023లో బయటపడింది. తరువాత దాన్ని సరిచేశారు. కనుక దాచవలసింది ఉంటే దళసరి నల్లరంగుతో పూర్తిగా కప్పాలి. లేదా అక్కరలేని భాగం లేకుండా మాటలుగానే వ్రాయాలి.

ఓ.టి.పి., యు.పి.ఐ. పిన్, కార్డు సంఖ్య - వీటిని బొమ్మగానూ పంపకూడదు, మాటగానూ పంపకూడదు. ఎవరు అడిగినా సరే! "నేనే చూసి సరిచేస్తాను, మీ తెర నాకు కనిపించేటట్లు ఈ సాధనం వేసుకోండి" అని ఫోనులో పలికే అపరిచితుడికి అసలే ఒప్పుకోకూడదు. అది ఒక్క బొమ్మ ఇవ్వడం కాదు, ఇంటి తలుపు బార్లా తెరవడం. సొమ్ము పోయిందని తెలిసిన మరుక్షణం 1930 నంబరుకు ఫోను చెయ్యాలి. అది సైబర్ ఆర్థిక మోసాలపై ఫిర్యాదుకు దేశమంతటికీ ఉన్న నంబరు. ఎంత త్వరగా చెబితే సొమ్ము ఆపగల అవకాశం అంత ఎక్కువ.

మరి అడగడం ఎట్లా?

డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఎక్స్‌రే ఫిల్ము బల్ల మీద పడవేసి మౌనంగా కూర్చోము. ఎప్పటినుంచి నొప్పి, ఎక్కడ నొప్పి, అంతకుముందు ఏం తిన్నాము, ఏ మాత్ర వేసుకున్నాము - ఇవన్నీ చెబుతాము. ఇక్కడా అంతే. మూడు మాటలు చెప్పాలి: ఏం చెయ్యబోయాను, ఏం చేశాను, ఏమయింది. "మీ భూమి తెరిచి అడంగలు చూడబోయాను. సర్వే నంబరు వేసి మీట నొక్కాను. ఈ వాక్యం వచ్చింది" అంటే సగం సమస్య తీరినట్లే. ఆ వాక్యాన్ని నకలు చెయ్యగలిగితే అక్షరాలుగా పంపాలి. లేకపోతే ఇంగ్లీషైనా సరే, చూసి అక్షరం వదలకుండా వ్రాయాలి. తెలియని మాటను మనకు తెలిసిన మాటగా దిద్దరాదు. శాసనం చదివే పండితుడు తప్పును తప్పుగానే ఉంచడం గుర్తున్నది గదా!

దానికి తోడుగా ఒక బొమ్మ. ఫొటో కాదు, తెర బొమ్మ. చాలా ఆండ్రాయిడ్ ఫోనుల్లో పవరు మీటనూ, శబ్దం తగ్గించే మీటనూ ఒకేసారి నొక్కితే తెర బొమ్మ వస్తుంది. ఫాను రెక్కలూ ఉండవు, ట్యూబులైటు మెరుపూ ఉండదు. విండోస్ కంప్యూటరులో మామూలు హెచ్చరిక పెట్టె వచ్చినప్పుడు కంట్రోల్ మీట పట్టుకొని 'సి' నొక్కితే, అందులోని మాటలు సాధారణంగా నకలవుతాయి. ఈ ఉపాయం తెలిసినవారు తక్కువ. అన్నిటికన్నా ముఖ్యం, సహాయం అందేదాకా ఆ పెట్టెను మూయకపోవడం!

ఇది పెద్దవాళ్లు ఒక్కరే నేర్చుకోవలసిన పాఠం కాదు. పిల్లలూ నేర్చుకోవాలి. ఒకప్పుడు పలకమీద మీ చేతిని పట్టుకొని దిద్దించిన చెయ్యే ఇప్పుడు తెర మీద తడబడుతున్నది. "ఎన్నిసార్లు చెప్పాలి నాన్నా?" అని మీరు విసుక్కుంటే రెండోసారి ఆయన మిమ్మల్ని అడగరు. మానుకుంటారా అంటే మానుకోరు, మరెవరినైనా అడుగుతారు. ఇంట్లోవాళ్లకు ఓపిక లేని వేళ ఎంతో ఓపికగా, ఎంతో మర్యాదగా, "అయ్యా, అమ్మా" అని పిలుస్తూ మాట్లాడే అపరిచితులు ఫోనులో చాలామంది ఉన్నారు. వారి మర్యాద ఖరీదు ఒక జీవితకాలపు పొదుపు కావచ్చు.

అందుచేత ఈసారి పండుగకు ఇంటికి వచ్చినప్పుడు ఒక అరగంట కూర్చొని తెర బొమ్మ తియ్యడమూ, అక్షరాలు నకలు చెయ్యడమూ అమ్మ చేతా నాన్న చేతా రెండుమూడుసార్లు చేయించండి. తిరిగి వెళ్లిన తరువాత ఫాను రెక్కల ఫొటోయే మళ్లీ వచ్చినా సరే, "ఫరవాలేదమ్మా, పైన ఏముందో మెల్లగా చదువు, వింటున్నాను" అనండి.